నీటి ఒడ్డున నాలుగు రాత్రులు: బౌండరీ వాటర్స్‌లో తొలిసారి కెనూ ప్రయాణం చేసేవారికి

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు ఈశాన్య కొసన, కెనడా సరిహద్దు వెంబడి, సుపీరియర్ జాతీయ అరణ్యంలో దాదాపు పదకొండు లక్షల ఎకరాల మేర పరచుకొని ఉన్న అడవిని బౌండరీ వాటర్స్ అంటారు. ఇందులో వెయ్యికి పైగా సరస్సులు, వాటిని కలిపే నదులు, వాగులు ఉన్నాయి. కారు రోడ్లు అడవి అంచు దాకా వచ్చి ఆగిపోతాయి. అక్కడి నుంచి ముందుకు సాగాలంటే కెనూ అనే సన్నటి పడవ ఎక్కి తెడ్డు వేయాలి, నీరు తెగిన చోట పడవనూ సామానునూ భుజాలకెత్తుకొని నడవాలి. 1964లో ఈ అడవి సమాఖ్య ప్రభుత్వ రక్షిత అరణ్యాల జాబితాలో చేరింది. నేటి నిబంధనలలో ఎక్కువ భాగం 1978 నాటి చట్టం నుంచి వచ్చినవి. మూడు నాలుగు రాత్రులు ఈ సరస్సుల ఒడ్డున గడపాలని తొలిసారి అనుకుంటున్న వారి కోసం ఈ వ్యాసం.

కొత్తవారు ఇక్కడ పడే ఇబ్బందులలో చాలా వాటికి మూలం ఒక్కటే. రోజుకు ఎంత దూరం వెళ్ళగలమో లెక్క వేసుకుంటారు గాని, ఎన్ని గంటలకు ఆగాలో వేసుకోరు. విడిది స్థలం దొరకడం, గాలికి చిక్కకుండా ఉండడం, వంట వెలుతురుండగానే ముగియడం, ఆహారాన్ని ఎలుగుబంటికి అందకుండా భద్రపరచడం, ఇవన్నీ మధ్యాహ్నం ఎప్పుడు ఆగామన్న దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఒంటి గంటకు, ఆలస్యమైతే రెండు గంటలకు, ఆ రోజు ప్రయాణం ముగిసిపోవాలి. ఇక్కడ చెప్పే సలహాలన్నీ ఈ ఒక్క నియమం చుట్టూ తిరుగుతాయి.

కాలం, పర్మిట్

సరస్సుల మీది మంచు సాధారణంగా ఏప్రిల్ చివరలోనో మే మొదట్లోనో కరుగుతుంది. మే నెలంతా నీరు ఎంత చల్లగా ఉంటుందంటే, పడవ తిరగబడితే గజ ఈతగాళ్ళకైనా కొద్ది నిమిషాల్లోనే చేతులు మొద్దుబారిపోతాయి. మే చివరి నుంచి జూన్ నెలంతా నల్ల ఈగలకూ దోమలకూ అదను. జూలైలో నీరు ఈతకు అనువుగా వెచ్చబడుతుంది, అయితే ఆ నెలలో జనం కూడా ఎక్కువగానే వస్తారు. తొలిసారి వెళ్ళేవారికి ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబర్ మధ్య వరకు ఉండే నాలుగు వారాలు అన్నిటికంటే మంచివని నా అభిప్రాయం. అప్పటికి దోమలు బాగా తగ్గిపోతాయి, వేసవి వేడిని దాచుకొన్న నీరు ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది, రాత్రులు మాత్రం స్వెటర్ అడుగుతాయి. పగటి పొడవును కూడా లెక్కలోకి తీసుకోవాలి. జూన్ చివర రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురు ఉంటుంది, సెప్టెంబర్ మధ్యలో ఏడున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు.

మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు రాత్రి బస చేసే ప్రతి బృందానికీ కోటా పర్మిట్ ఉండాలి. అడవిలోకి ప్రవేశించే చోట్లను ఎంట్రీ పాయింట్లు అంటారు, ఒక్కొక్క దానికి ఒక సంఖ్య ఉంటుంది, ఒక్కొక్క దాని నుంచి రోజుకు ఇన్ని బృందాలే వెళ్ళాలన్న పరిమితి కూడా ఉంటుంది. రిజర్వేషన్లు జనవరి చివరి బుధవారం ఉదయం 9 గంటలకు, అమెరికా సెంట్రల్ సమయం ప్రకారం, రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మొదలవుతాయి. పేరున్న ఎంట్రీ పాయింట్లలో జూలై, ఆగస్టు తేదీలు త్వరగా అయిపోతాయి. రుసుము రాత్రుల లెక్కన కాక ప్రయాణం లెక్కన ఉంటుంది కనుక ఒక రాత్రి అదనంగా ఉన్నా ఖర్చు పెరగదు. పర్మిట్ మీద పేరున్న నాయకుడో, రిజర్వేషన్ సమయంలోనే పేరు నమోదైన ప్రత్యామ్నాయ నాయకుడో తమ గుర్తింపు కార్డుతో స్వయంగా వెళ్ళి దాన్ని తీసుకోవాలి. ఇతరులకు బదిలీ చేయడం కుదరదు. అందుచేత రిజర్వేషన్ చేసే రోజునే ప్రత్యామ్నాయ నాయకుల పేర్లు తప్పక చేర్చండి. నాయకుడికి జ్వరం వచ్చిందని బృందమంతా ఇంటి దగ్గరే ఉండిపోయిన సందర్భాలు లేకపోలేదు.

పర్మిట్ ప్రవేశించే రోజునూ చోటునూ మాత్రమే నిర్ణయిస్తుంది. లోపలికి వెళ్ళాక ఏ సరస్సుకైనా వెళ్ళవచ్చు. విడిది స్థలాలకు రిజర్వేషన్ లేదు, ముందు చేరుకొన్నవారిదే స్థలం. ఒక బృందంలో తొమ్మిది మందికి, నాలుగు పడవలకు మించకూడదు. రెండు బృందాలు నీటి మీద ఒకచోట కలిసినా ఈ పరిమితి వర్తిస్తుంది. చాలా సరస్సులలో మోటారు పడవలు నిషిద్ధం.

దారిని ఎంచుకోవడం

ఇక్కడ దూరాలను రెండు కొలతలలో చెబుతారు. నీటి మీద దూరాన్ని మైళ్ళలోనూ, పడవను మోసుకొని నడిచే కాలిబాటను రాడ్లలోనూ లెక్కిస్తారు. ఆ కాలిబాటనే పోర్టేజ్ అంటారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు. 320 రాడ్లు ఒక మైలు. ఈ బాటలలో చాలావాటిని తరతరాలుగా నడిచి ఏర్పరచినవారు ఈ ప్రాంతపు ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు, వారికంటే ముందున్నవారు. బొచ్చు వ్యాపారం కోసం వచ్చిన ఫ్రెంచి పడవవాళ్ళు వాటినే వాడుకొని, వాటికి ఇప్పుడున్న పేరు పెట్టారు.

పోర్టేజ్ లెక్కలో కొత్తవారు తప్పకుండా పొరబడతారు. వంద రాడ్ల బాట అంటే మైలులో మూడో వంతు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ సామానంతా ఒక్క విడతలో మోయలేని బృందం ఒకసారి మూటలతో వెళ్ళి, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చి, మళ్ళీ పడవతో వెళ్ళాలి. అంటే ఆ వంద రాడ్లు మూడు వందల రాడ్లవుతాయి, దాదాపు మైలు నడకన్నమాట. బాట మీద రాళ్ళూ, వేళ్ళూ, బురదా ఉంటాయి. కనుక పటం మీద కనిపించే పోర్టేజ్ పొడవును మూడుతో గుణించి, ఒడ్డున దింపుకొని ఎత్తుకొనే సమయంగా మరో పావుగంట కలుపుకోండి. నీటి మీద సామానున్న కెనూ ప్రశాంతమైన వేళ గంటకు రెండు నుంచి మూడు మైళ్ళు పోతుంది. ఈ రెండు లెక్కలూ కలిపి చూస్తే, మొదటి రోజు ఆరేడు మైళ్ళకు, రెండు మూడు చిన్న పోర్టేజ్‌లకు మించి పెట్టుకోకూడదని తేలుతుంది.

తొలి ప్రయాణానికి నేను రెండు దారులు సూచిస్తాను. మొదటిది ఈలీ పట్టణానికి తూర్పున, ఫెర్న్‌బర్గ్ రోడ్డు చివర ఉన్న లేక్ వన్, అంటే 30వ ఎంట్రీ పాయింట్. అక్కడి నుంచి రెండు చిన్న పోర్టేజ్‌లు దాటితే లేక్ టూ వస్తుంది. ఆ తరువాత లేక్ త్రీ, లేక్ ఫోర్ నీటి మీదుగానే కలిసి ఉంటాయి, దిగి నడవనక్కరలేదు. అయితే లేక్ వన్ చిన్న చిన్న దీవులతో, లోపలికి చొచ్చుకొనిపోయే పాయలతో అల్లుకొని ఉంటుంది కనుక దారి తప్పేవారు ఎక్కువగా తప్పేది మొదటి గంటలోనే. పటం ఒడిలో పెట్టుకొని, ప్రతి దీవినీ పటంలో గుర్తించాకే తరువాతి దాని వైపు సాగాలి. 2011లో పిడుగు వల్ల పుట్టిన పగామీ క్రీక్ కార్చిచ్చు తొంభై వేల ఎకరాలకు పైగా కాల్చివేసింది. ఈ దారిలో దాని ఆనవాళ్ళు, కొత్తగా లేచిన అడవి ఇంకా కనిపిస్తాయి. రెండోది సుపీరియర్ మహాసరస్సు ఒడ్డునున్న టాఫ్టీ నుంచి సాబిల్ ట్రెయిల్ అనే రోడ్డు మీదుగా చేరుకొనే సాబిల్ లేక్, 38వ ఎంట్రీ పాయింట్. అక్కడి నుంచి ముప్ఫై రాడ్ల పోర్టేజ్ దాటితే ఆల్టన్ లేక్. ఆల్టన్‌లో రెండు రాత్రులు ఒకే చోట ఉండి, పగలు ఖాళీ పడవతో చుట్టుపక్కల తిరిగి రావడం చిన్నపిల్లలున్న కుటుంబాలకు అన్ని విధాలా తగినది.

సరిహద్దు సరస్సుల మీదుగా వెళ్ళేవారికి ఒక మాట. 1842 నాటి వెబ్‌స్టర్-ఆష్‌బర్టన్ ఒప్పందం ప్రకారం ఆ సరిహద్దు వెంబడి ఉన్న నీటి దారులు, అలవాటుగా వాడే పోర్టేజ్‌లు ఇరుదేశాల పౌరులకూ తెరిచే ఉంటాయి. కానీ కెనడా వైపు విడిది చేయాలంటే ఆ దేశ ప్రవేశ అనుమతి, అవతలి క్వెటికో పార్కు పర్మిట్ వేరుగా కావాలి. వీసా మీద అమెరికాలో ఉంటున్నవారు తొలి ప్రయాణానికి సరిహద్దుకు దూరంగా ఉన్న దారినే ఎంచుకోవడం మేలు.

ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. లోపల చాలా భాగంలో అది ఉండదు. ఫోన్ తడిసినా, చార్జి అయిపోయినా పని ఆగకుండా ఉండాలంటే కాగితపు పటం, దిక్సూచి తప్పనిసరి. ఫిషర్, మెకెంజీ సంస్థల పటాలలో విడిది స్థలాలు ఎర్రటి చుక్కలుగా, పోర్టేజ్‌లు రాడ్ల సంఖ్యతో ముద్రితమై ఉంటాయి. నీళ్ళలో తడిసినా చెడని కాగితం మీద వాటిని ముద్రిస్తారు. ఉపగ్రహ సందేశ పరికరం ఒకటి అద్దెకు తెచ్చుకోవడం మంచిది. దానితో పాటు, ఏ రోజున ఏ సరస్సులో ఉంటామో, ఏ రోజు సాయంత్రానికి తిరిగి వస్తామో రాసిన కాగితాన్ని ఇంటి దగ్గర ఒకరికి ఇచ్చి వెళ్ళాలి.

సామాను

కెవ్లార్ అనే తేలికైన కృత్రిమ నారతో చేసిన, అద్దెకు దొరికే పదిహేడు అడుగుల కెనూ ఇరవై కిలోల చిల్లర బరువు ఉంటుంది, అదే పొడవున్న అల్యూమినియం పడవ ముప్ఫై కిలోలు దాటుతుంది. పోర్టేజ్ మీద ఆ పది కిలోల తేడా ఎంతో పెద్దది కనుక అద్దె కొంచెం ఎక్కువైనా కెవ్లార్ పడవే తీసుకోండి. అయితే అది రాతికి తట్టుకోదు. ఒడ్డుకు వచ్చినప్పుడు పడవను రాళ్ళ మీదికి పోనీయకుండా, అది నీటిలో తేలుతుండగానే మోకాలి లోతులో దిగి, సామాను దించి, తరువాత ఇద్దరూ ఎత్తి నేల మీద పెట్టాలి. కాళ్ళు తడవకుండా ఈ ప్రయాణం సాగదు. పగటికి తడిసే బూట్లు ఒక జత, గుడారం దగ్గర వేసుకోవడానికి పొడి బూట్లు ఒక జత ఉండాలి.

నూలు బట్టలు, ముఖ్యంగా జీన్స్, ఇంటి దగ్గరే వదిలేయండి. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది, ఎంతకూ ఆరదు. ఆగస్టులో కూడా వాన, గాలి కలిస్తే ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడుతుంది. ఉన్ని, పాలియెస్టర్ దుస్తులు, వాన కోటు, వాన ప్యాంటు చాలు. పడుకొనే దుస్తులు, స్లీపింగ్ బ్యాగు నీళ్ళు దూరని సంచిలో ఉంచి, ఏ పరిస్థితిలోనూ పగలు తీయకూడదు. వాటితో పాటు పన్నెండు అడుగుల చదరపు టార్పాలిన్ ఒకటి, దాన్ని కట్టడానికి సన్నని తాళ్ళు పట్టుకెళ్ళండి. వాన రోజు మొత్తాన్ని గుడారంలో ముడుచుకొని గడపకుండా, దాని కింద కూర్చొని వండుకొని తినడానికి అది వీలిస్తుంది.

డబ్బాల ఆహారం, గాజు సీసాలు ఇక్కడ నిషిద్ధం. ఇంధనం, మందులు, దోమల మందు, ఒంటికి వాడుకొనే వస్తువుల డబ్బాలకు మాత్రం మినహాయింపు ఉంది. ఎండు పదార్థాలను ఇంటి దగ్గరే పూటల వారీగా సంచులలో కట్టుకొంటే బరువూ చెత్తా రెండూ తగ్గుతాయి. స్టవ్ తప్పక ఉండాలి. పొడి కాలంలో నిప్పు నిషేధం వచ్చినప్పుడు కట్టెల మీద వండుకోవడం కుదరదు, వాన పడినప్పుడు కట్టె అంటుకోదు.

నీటి మీద

ఇక్కడి ప్రమాదాలలో ఎలుగుబంట్లది చాలా చిన్న స్థానం. గాలి, చల్లని నీరు, జలపాతాలు వాటికంటే ఎన్నో రెట్లు భయపడదగినవి. ఒక్కొక్కరికి ఒక్కొక్క లైఫ్ జాకెట్ పడవలో ఉండాలన్నది మిన్నెసోటా చట్టం, పదేళ్ళ లోపు పిల్లలు దాన్ని వేసుకొనే ఉండాలి. నా దృష్టిలో పెద్దలకు కూడా ఆ నియమమే ఉండాలి. సీటు కింద పెట్టిన జాకెట్‌ను చల్లని నీటిలో పడ్డాక తొడుక్కోవడం దాదాపు అసాధ్యం.

తెల్లవారుజామున అద్దంలా ఉన్న సరస్సు మధ్యాహ్నానికి తెల్లటి నురగలతో లేస్తుంది. గాలికి అడ్డు లేని నీరు ఎంత పొడవుగా ఉంటే అల అంత పెరుగుతుంది. ఇక్కడ గాలి తరచుగా పడమర, వాయవ్యం నుంచి వీస్తుంది కనుక తూర్పు పడమరలుగా సాగిన సరస్సుల తూర్పు కొసన అలలు అన్నిటికంటే పెద్దవిగా ఉంటాయి. పెద్ద సరస్సులను ఉదయం తొమ్మిది లోపు దాటాలి. తరువాత దాటవలసి వస్తే గాలికి మరుగున ఉన్న ఒడ్డు వెంట, ఈది చేరుకోగల దూరంలో వెళ్ళాలి. అల లేచినప్పుడు సీటు మీద నుంచి దిగి మోకాళ్ళ మీద కూర్చొంటే పడవ నిలకడ పెరుగుతుంది. అలను పడవ పక్క భాగానికి తగలనీయకుండా, పడవ ముక్కును కొంచెం వాలుగా అలలోకి పెట్టి నడపాలి. ఎదురుగాలిలో బరువును కొంచెం ముందుకు, వెనుక గాలిలో కొంచెం వెనక్కి జరిపితే పడవ దారి తప్పదు. అలలు ఇంకా లేస్తుంటే ఒడ్డుకు చేరి, సాయంత్రం గాలి పడిపోయే దాకా ఆగండి. అందుకే ప్రణాళికలో ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. సోమవారం ఉద్యోగానికి వెళ్ళాలన్న తొందరలో పెద్ద గాలిలో సరస్సు దాటబోయినవారే ఎక్కువగా ప్రమాదంలో పడతారు.

నదుల సంగతి వేరు. కవిషివీ, బాస్‌వుడ్, గ్రానైట్ నదుల మీద ప్రశాంతంగా సాగే నీరు ఒక మలుపు తిరగగానే రాళ్ళ మధ్య దూకుతుంది. పోర్టేజ్ మొదలయ్యే చోటు కొన్నిసార్లు జలపాతపు అంచుకు చాలా దగ్గరగా ఉంటుంది, వసంతంలో ప్రవాహం బలంగా ఉన్నప్పుడు అక్కడికి చేరకముందే పడవను లాగేస్తుంది. 2024 మే నెలలో క్రుకెడ్ లేక్‌కూ ఐరన్ లేక్‌కూ మధ్యనున్న కర్టెన్ జలపాతంలోకి రెండు కెనూలు కొట్టుకుపోయి ఇద్దరు మరణించారు. నీటి హోరు వినిపించగానే పోర్టేజ్ ఉన్న ఒడ్డుకు, దానికి బాగా ఎగువనే, చేరుకొని ఒడ్డును అంటిపెట్టుకొని సాగాలి. ఏ ఒడ్డున దిగాలో పటం చూసి ముందే నిర్ణయించుకొని ఉండాలి. కొత్తవారు ఎంత చిన్న ఉరవడినైనా పడవలో దిగడానికి ప్రయత్నించరాదు.

ఉరుము వినిపిస్తే వెంటనే నీటిని వదలాలి. చివరి ఉరుము తరువాత అరగంట దాకా మళ్ళీ పడవ ఎక్కకూడదు.

విడిది స్థలం

విడిది చేయదగిన చోట్లు పటంలో గుర్తించినవే, మరెక్కడా గుడారం వేయకూడదు. ప్రతి స్థలంలోనూ నేలకు బిగించిన ఇనుప నిప్పు చట్రం ఒకటి, వెనుక అడవిలోకి వెళ్ళే బాట చివర గోడలూ కప్పూ లేని మరుగుదొడ్డి ఒకటి ఉంటాయి. ఈ నిబంధనకు బలమైన కారణమే ఉంది. హిమానీనదాలు మట్టినంతా ఒరుసుకుపోగా మిగిలిన అతి పురాతన శిల మీద ఇక్కడ మన్ను కొన్ని అంగుళాల మందమే ఉంటుంది. మనుషులు తొక్కితే ఆ పొర తేలిగ్గా కొట్టుకుపోతుంది, మళ్ళీ పేరుకోవడానికి తరాలు పడుతుంది. రెండు వేలకు పైగా చోట్ల ఆ నష్టాన్ని కుదించి మిగతా ఒడ్లన్నిటినీ కాపాడుతున్నారు. మట్టి పలుచన కావడం వల్లే గుడారపు మేకులు చాలా చోట్ల దిగవు. తాళ్ళను పెద్ద రాళ్ళకో చెట్ల మొదళ్ళకో కట్టవలసి ఉంటుంది.

నా మొదటి ప్రయాణంలో మేము మూడు దాటాక విడిది వెతకడం మొదలుపెట్టాం. వరుసగా నాలుగు స్థలాలలో అప్పటికే గుడారాలు లేచి ఉన్నాయి. ఐదవది ఖాళీగా దొరికేసరికి ఎదురుగాలిలో తెడ్డు వేసి వేసి పిల్లలు ఏడుపు ముఖం పెట్టారు, వంట చీకట్లో చేశాం, ఆ రాత్రి ఆహారపు సంచిని సరిగా కట్టలేకపోయాం. ఆ తరువాత ఏ ప్రయాణంలోనూ రెండు గంటలు దాటి నీటి మీద ఉండలేదు.

ఖాళీ స్థలం కనిపించినప్పుడు మొదట పైకి చూడండి. ఎండిన చెట్టు, వేలాడే విరిగిన కొమ్మ గుడారం మీద పడగల దూరంలో ఉంటే అక్కడ వేయకూడదు. స్ప్రూస్ బడ్‌వర్మ్ అనే పురుగు తిని చంపిన బాల్సమ్ ఫర్ చెట్లు ఈ అడవిలో చాలా చోట్ల నిలబడి ఉన్నాయి, వాటి వేళ్ళకు పట్టు ఉండదు. 1999 జూలై 4న గంటకు ఎనభై నుంచి వంద మైళ్ళ వేగంతో వచ్చిన గాలివాన ఈ జాతీయ అరణ్యంలో నాలుగున్నర లక్షలకు పైగా ఎకరాలలో చెట్లను నేలమట్టం చేసింది. ఆ రోజు గాయపడిన పలువురు పడిన చెట్ల కింద చిక్కినవారే. చూపు ఆ తరువాత నేల మీదికి రావాలి. వాననీరు నిలిచే గుంటలా ఒరిసిపోయిన చోటు ఎంత చదునుగా ఉన్నా వదిలేయాలి. నీటిలోకి పొడుచుకొని వచ్చిన రాతి కొసమీది స్థలాలు దోమల కాలంలో గాలి తగిలి ఎంతో సుఖంగా ఉంటాయి, ఉరుముల రాత్రి మాత్రం గుడారాన్ని లోపలికి, ఒకే ఎత్తున్న చిన్న చెట్ల మధ్యకు వేయడం మంచిది.

గుడారం లేచాక పడవను నీటికి దూరంగా బోర్లించి చెట్టుకు కట్టండి. రాత్రి గాలికి ఖాళీ కెవ్లార్ పడవ ఎండుటాకులా లేచిపోతుంది. అది పోతే తిరిగి వచ్చే దారి కూడా పోయినట్టే.

నీళ్ళు, నిప్పు, ఆహారం

సరస్సు నీరు అడుగు కనిపించేటంత తేటగా ఉన్నా, టీ రంగులో ఉన్నా, తాగే ముందు ఫిల్టర్ చేయాలి లేదా తెర్లే దాకా కాచి ఒక నిమిషం ఉంచాలి. టీ రంగు బురద వల్ల కాదు, చిత్తడి నేలల్లో కుళ్ళిన ఆకుల నుంచి దిగిన వగరు పదార్థాల వల్ల వస్తుంది. తేటనీటిలో కూడా జియార్డియా అనే పరాన్నజీవి ఉండవచ్చు. ఒడ్డున కాక, పడవలో మధ్యకు వెళ్ళి మోచేతి లోతు నుంచి నీళ్ళు ముంచుకోవడం మంచిది. సబ్బు, అది ఎంత సహజమైనదని రాసి ఉన్నా, సరస్సులో కలవకూడదు. స్నానమైనా గిన్నెలైనా నీళ్ళు మోసుకొని ఒడ్డుకు రెండు వందల అడుగుల దూరాన అడవిలో చేయాలి.

నిప్పు ఇనుప చట్రంలోనే వేయాలి. బయటి నుంచి కట్టెలు తెస్తే వాటిలో చెట్లను చంపే పురుగులు రావచ్చు కనుక, విడిదికి దూరంగా పడవలో వెళ్ళి, నేల మీద పడి ఎండిన, మణికట్టు లావు మించని కట్టెలు ఏరుకోవాలి. పచ్చి బిర్చ్ చెట్టు బెరడు ఒలవకండి, ఆ గాయం చెట్టు మీద జీవితాంతం నల్లని పట్టీగా మిగిలిపోతుంది. ఆర్పడంలో ఏమాత్రం అశ్రద్ధ పనికిరాదు. నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, బూడిదకు చేతి వెనుక భాగం ఆనించి చల్లగా ఉందని నిర్ధారించుకొన్నాకే గుడారంలోకి వెళ్ళాలి. 2007 మే నెలలో హామ్ లేక్ దగ్గర ఒక విడిది నిప్పు నుంచి లేచిన కార్చిచ్చు సరిహద్దుకు ఇరువైపులా సుమారు డెబ్భై ఐదు వేల ఎకరాలను దహించింది.

ఇక్కడ ఉండేవి నల్ల ఎలుగుబంట్లు. మనుషులంటే వాటికి బెరుకే, కానీ ఒకసారి ఆహారపు సంచి రుచి చూసిన ఎలుగు ఆ స్థలాన్ని మరచిపోదు, చివరికి ప్రాణం పోగొట్టుకొనేది అదే. ఆహారం, చెత్త, పళ్ళపేస్టు, వాసన ఉన్న ప్రతి వస్తువూ ఎలుగు తెరవలేనిదని ధ్రువీకరణ పొందిన పెట్టెలో ఉండాలి; లేదా నేల నుంచి పన్నెండు అడుగుల ఎత్తున, చెట్టు మొదలు నుంచి ఆరడుగుల దూరాన వేలాడదీయాలి. కుదురైన కొమ్మ దొరకడం ఇక్కడ చాలా కష్టం, చీకట్లో అయితే మరీను; అందుచేత ఎవరేమన్నా అద్దె పెట్టెకే నా ఓటు. దాన్ని గుడారానికి దూరంగా, నీటిలోకి దొర్లిపోని చోట ఉంచాలి. ఎలుగు వస్తే గిన్నెలు మోగించి, గట్టిగా అరచి, కదలకుండా నిలబడండి, పరిగెత్తకండి. సంచులు కొరికే ఉడుతలు, ఎలుకలు దానికంటే తరచుగా పలకరిస్తాయి, వాటికి కూడా విరుగుడు ఆ పెట్టెయే.

చేపలు పట్టదలచినవారికి మిన్నెసోటా లైసెన్స్ కావాలి. వాల్ఐ, నార్తర్న్ పైక్, స్మాల్‌మౌత్ బాస్ ఎక్కువగా దొరుకుతాయి. చేప పేగులను విడిది దగ్గర, ఒడ్డున పారేయరాదు. దూరంగా అడవిలో పాతిపెట్టాలి.

రోజూ సాయంత్రం బట్టల మడతలలో, మోకాళ్ళ వెనుక, తలలో పిడుదుల కోసం వెతుక్కోవాలి. మే, జూన్ నెలల్లో ఇది మరీ ముఖ్యం. అంటుకొన్న పిడుదును పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి నేరుగా పైకి లాగాలి.

రెండు గంటలకే ఆగిన రోజున మిగిలిన సాయంత్రమంతా మీదే. లూన్ పక్షి నీటి మీద సాగదీసి కూసే కూత రాత్రి తొలి జాములో వినిపిస్తుంది. అది మిన్నెసోటా రాష్ట్ర పక్షి. ఒడ్డు అంచున నీటికి ఆనుకొని గూడు కట్టుకొంటుంది కనుక, మెడ చాచి తల నీటికి ఆనించిన లూన్ కనిపిస్తే పడవను వెంటనే వెనక్కి తిప్పాలి. లోతు తక్కువ పాయలలో నీటి పైకి లేచిన గడ్డి మొక్కలు అడవి వరి కావచ్చు. ఓజిబ్వే ప్రజలు మనూమిన్ అని పిలిచే ఆ పంట వారికి పవిత్రం, వాటిని తొక్కుకుంటూ పడవ నడపకూడదు. హెగ్మన్ లేక్ రాతి గోడ మీది ఎర్రటి బొమ్మల వంటి వాటిని దూరం నుంచే చూడాలి, చేతి జిడ్డు తగిలితే ఆ రంగు నశిస్తుంది.

బయలుదేరే ఉదయం

నిప్పు చట్రంలో ముందటి వారు వదిలిన రేకు ముక్కలుంటే అవి కూడా ఏరుకొని సంచిలో వేసుకోండి. గుడారం వేసిన చోటును, వంట చేసిన చోటును ఒకరు, ఒడ్డును మరొకరు చివరిసారి చూడాలి. గుడారపు మేకులు, తాళ్ళు, చెంచాలు ఎక్కువగా అక్కడే ఉండిపోతాయి. ఎంట్రీ పాయింట్‌కు తిరిగి చేరాక పడవలో మిగిలిన నీరంతా అక్కడే వంచేసి, అంటుకొన్న నాచును, గడ్డిని చేత్తో తీసేయాలి. ఒక సరస్సులోని పురుగులు, మొక్కలు మరో సరస్సుకు ప్రయాణించేది ఇలాగే. మిన్నెసోటాలో ఇది చట్టప్రకారం తప్పనిసరి కూడా. ఆ వారంలోనే మరో సరస్సుకు వెళ్ళేటట్లయితే పడవనూ తాళ్ళనూ బూట్లనూ ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. తడి గుడారాన్ని ఇల్లు చేరిన రోజే విప్పి ఆరవేయండి.